కనిపెట్టుకొని ఉండటం: పెద్ద జబ్బు వచ్చిన ఇంట్లో విశ్వాసం, నిరీక్షణ

మా మేనత్తకు రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి ఏడు నెలల పాటు ఇంట్లో ఎవరికీ తెలియదు. సింగరాయకొండకు దగ్గర్లోని ఒక పల్లె ఆమెది. ఆ ఏడు నెలల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఒక్కటి కూడా మానలేదు. రాత్రి అందరూ పడుకున్నాక ప్రార్థన నూనె రాసుకునేది. చివరికి చెయ్యి పైకి ఎత్తలేకపోతుంటే మా అక్క కనిపెట్టి ఒంగోలు తీసుకెళ్లింది. "ముందే ఎందుకు చెప్పలేదత్తా?" అని అడిగితే ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "డాక్టర్ దగ్గరికి పోతే దేవుణ్ణి నమ్మనట్టే కదా నాయనా?"

బయాప్సీ, చెన్నై, కీమో, ఆపరేషన్, ఆ తర్వాత కరెంటు పెట్టడం (రేడియేషన్), అన్నీ జరిగాయి. మూడేళ్ల పైచిలుకు బతికింది. ఆ మూడేళ్లూ ఆమె మంచం పక్కన ఎందరో కూర్చుని ఎన్నో మాటలు చెప్పారు. "విశ్వాసం ఉంచమ్మా, పూర్తిగా నయమైపోతుంది." "దాచిన పాపం ఏదైనా ఉంటే ఒప్పుకో." "క్యాన్సర్ అనే మాట నోట రానివ్వకు." "దేవుని చిత్తం, మనం ఏం చేస్తాం." చెప్పినవాళ్లంతా ప్రేమతోనే చెప్పారు. వాక్యంలో ఉన్నదే చెబుతున్నామని అన్నారు. కానీ ఈ మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. ఇవన్నీ కలిసి ఒక రోగి తలలో ఎంత చిక్కు పడతాయో నేను దగ్గరుండి చూశాను. నేనూ విశ్వాసినే. అందుకే ఆ చిక్కును ఒక్కో పోగు చొప్పున విడదీయాలని కూర్చున్నాను.

మాటల దగ్గరే మొదలైన ముడి

నయం కావడం, స్వస్థత, రక్షణ, నిరీక్షణ. మన సంఘాల్లో ఈ నాలుగు మాటల్నీ ఒకే మాటలా వాడేస్తుంటాం. ముందు వీటిని వేరు చేయాలి.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీతో యేసు "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అంటాడు. అది మార్కు 5:34. తన పాదాలను కన్నీళ్లతో తడిపిన మరో స్త్రీతో లూకా 7:50లో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అంటాడు. తెలుగులో రెండు వేర్వేరు మాటలు. గ్రీకు మూలంలో మాత్రం రెండుచోట్లా ఉన్నది ఒకే క్రియ. రెండో ఆమెకు జబ్బేమీ లేదు కాబట్టి మన అనువాదకులు అక్కడ 'రక్షించెను' అన్నారు, సరిగ్గానే చేశారు. అయితే ఒంటికి నయం కావడం, మనిషి మొత్తం బాగుపడటం, ఈ రెండింటినీ ఒకే మాటలో పట్టుకున్న ఆ మూలభాష సంగతి మన చెవికి అందకుండా పోయింది.

రోగుల దగ్గర ఎక్కువగా చదివే యాకోబు పత్రిక 5:15లోనూ అదే క్రియ. "విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును, ప్రభువు అతని లేపును." ఆ 'లేపును' అన్న మాట గ్రీకులో క్రీస్తు పునరుత్థానం గురించి చెప్పేటప్పుడు వాడే మాటే. యాకోబు ముందుగా మంచం మీద నుంచి లేవడం గురించే చెబుతున్నాడని నేను అనుకుంటాను. కానీ ఆ మాటలో సమాధిలో నుంచి లేవడానికి కూడా చోటుంది. మా అత్త సమాధి ఉన్న చోటుకు వెళ్లినప్పుడు ఆ వాక్యం అబద్ధమైందని నాకు అనిపించదు. గడువు ఇంకా ఉందనిపిస్తుంది.

ఇక నిరీక్షణ. మామూలు తెలుగులో అది ఎదురుచూపు. బైబిలు తెలుగులో దానికి ఇంకా బరువు ఎక్కువ. ఆశకూ దీనికీ తేడా ఏమిటని ఒకసారి మా అత్తనే అడిగాను. "స్కాన్ బాగా రావాలనుకుంటే అది ఆశ. ఎట్లా వచ్చినా ఆయన ఉంటాడనుకుంటే అది నిరీక్షణ" అంది. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఇంతకంటే తేటగా చెప్పిన ప్రసంగం నేను వినలేదు.

రోమా 8:25 చూడండి. "మనము చూడనిదానికొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము." కనిపెట్టడం అన్న మాటను బయట కొత్తది కనుక్కోవడానికి వాడతాం. బైబిల్లో దేవుని కోసం కాచుకుని ఉండటానికి వాడారు. ఇళ్లల్లో ఇంకో వాడుక కూడా ఉంది. "రాత్రికి రోగిని కనిపెట్టుకొని ఎవరుంటారు?" అని అడుగుతాం. దేవుని కోసం ఓపిగ్గా ఎదురుచూడటానికీ, రోగి పక్కన నిద్ర మానుకుని కూర్చోవడానికీ మన భాష ఒకే మాట ఇచ్చింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఎవరి పాపం?

జబ్బు పడ్డవాళ్లను అన్నిటికంటే లోతుగా గాయపరిచేది ఈ ప్రశ్న. దీన్ని కొత్తగా మనం కనుక్కోలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇదే: వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా? "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు చెప్పిన జవాబు యోహాను 9:3లో ఉంది. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావాళ్ల కంటే పాపులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు.

పాపానికీ రోగానికీ సంబంధమే లేదని బైబిలు అంటుందా అంటే, అట్లా కూడా అనదు. బేతెస్ద కోనేటి దగ్గర బాగుపడ్డ మనిషితో "ఇకను పాపము చేయకుము" అన్నది యేసే. ప్రభువు బల్లలో అయోగ్యంగా పాలుపొందినవారిలో కొందరు రోగులయ్యారని పౌలు కొరింథీయులకు రాశాడు. ఈ వచనాలు ఉన్నాయి, వీటిని దాచనక్కర్లేదు. అయితే యాకోబు 5:15 చివర ఉన్న ఒక చిన్న మాటను గమనించాలి. "అతడు పాపములు చేసినవాడైతే పాపక్షమాపణ నొందును." చేసినవాడైతే! రోగి కాబట్టి పాపం చేసే ఉంటాడని యాకోబు అనలేదు. అక్కడ ఉన్న 'ఐతే'ని మనం మింగేశాం.

కనిగిరి, పొదిలి వైపు వెళ్లినవాళ్లకు తెలుసు. బావుల్లో, బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశపు తాగునీటి ప్రమాణం. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది. ఒక ఊళ్లో వీధి వీధంతా నడుము వంగి ఉంటే ఎవరి పాపాన్ని వెతుకుదాం? అక్కడ ఒప్పుకోవాల్సిన తప్పు ఏదైనా ఉంటే, మంచి నీళ్లు అందించని మనందరిదీ. కిడ్నీలు పాడై వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలిసిస్ మిషన్ పక్కన పడుకునే కూలి మనిషిని "నీ జీవితం పరిశీలించుకో" అనేముందు మనం ఒక్క క్షణం ఆగాలి.

అన్నీ పోగొట్టుకుని జబ్బుతో ఉన్న యోబును చూడ్డానికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులూ మాట్లాడకుండా నేల మీద అతనితో కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే దేవునికి వాళ్ల మీద కోపం వచ్చింది.

విశ్వాసానికి కొలత ఉందా

"నీకు విశ్వాసం చాలలేదు" అన్న మాట వెనుక ఒక లెక్క దాగి ఉంది. ఇంత విశ్వాసం పెడితే ఇంత స్వస్థత వస్తుంది, రాలేదంటే పెట్టింది తక్కువ అన్నమాట. జబ్బు పేరు నోటితో అనకూడదు, నయమైపోయిందనే ఒప్పుకోవాలి, రిపోర్టు ఏం చెప్పినా లెక్క చేయకూడదు అన్న బోధ కూడా ఈ లెక్కలో నుంచి పుట్టిందే. ఈ రూపంలో ఇది పాత బోధ కాదు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో కెన్నెత్ హేగిన్ లాంటి బోధకుల ద్వారా ప్రచారమై, క్యాసెట్లు, పుస్తకాలు, తర్వాత టీవీల మీదుగా మన పల్లెల దాకా వచ్చింది.

ఈ లెక్కను పక్కన పెట్టుకుని హెబ్రీయులకు 11వ అధ్యాయం చదవండి. విశ్వాసవీరుల పట్టిక అది. 34వ వచనంలో కొందరు విశ్వాసంతో ఖడ్గధారను తప్పించుకున్నారు. మూడు వచనాలు దాటితే, 37లో కొందరు ఖడ్గంతో చంపబడ్డారు. ఒకే పట్టిక, ఒకే విశ్వాసం, ఒకే కత్తి. తప్పించుకున్నవాళ్లకు విశ్వాసం ఎక్కువ, చచ్చినవాళ్లకు తక్కువ అని పత్రిక రాసినాయన అనలేదు. పైగా వీరందరూ తమ విశ్వాసం వల్ల సాక్ష్యం పొందారని కలిపి చెప్పాడు.

పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు మాత్రం వచ్చింది. తన చేతుల మీదుగా ఎందరో రోగులు బాగుపడ్డ ఆ పౌలే త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. ఆ తిమోతికి కడుపు జబ్బు, తరచూ వచ్చే బలహీనతలు. దానికి పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడే గానీ విశ్వాసం పెంచుకోమని అనలేదు.

నాకు అన్నిటికంటే ఆదరణ కలిగించేది మార్కు 2వ అధ్యాయం. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు, గుంపులో దారి లేక పైకప్పు విప్పి మంచం దింపారు. "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంది అక్కడ. వారి విశ్వాసం, అంటే మోసినవాళ్లది. మంచం మీద ఉన్నవాడి విశ్వాసం సంగతి వేరుగా రాయనే లేదు. కీమో వేసిన మూడో రోజున వాంతులతో కళ్లు తెరవలేని మనిషి ప్రార్థన చేసుకోలేదు. వాక్యం చదివినా తలకెక్కదు. అప్పుడు ఆమె నమ్మకపోయినా, నమ్మలేకపోయినా, ఆమె వంతు నమ్మడానికి పక్కన నలుగురు ఉండటమే సంఘం అంటే. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడ్చిన తండ్రి కొడుకును యేసు బాగుచేశాడు కదా. సగం నమ్మకం, సగం భయం ఉన్న ప్రార్థనే అది.

మందు, ప్రార్థన

మా అత్త ఏడు నెలలు గడ్డను దాచడానికి కారణమైన ఆలోచన మన ప్రాంతపు క్రైస్తవ చరిత్రలో పుట్టింది కాదు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరుకు వచ్చారు. 1854 జనవరి 1న లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, మరి కొందరు తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. వాళ్ల తర్వాతి తరాలు నెల్లూరులో ఆడవాళ్ల కోసం మిషన్ ఆసుపత్రి నడిపాయి, ఒంగోలులో జాన్ క్లౌ అనే మిషనరీ పేరు మీద ఇంకో ఆసుపత్రి నిలబెట్టాయి. కొండ మీద ప్రార్థించిన మిషనే కింద ఆసుపత్రి కట్టింది. ఈ రెండింటికీ పోటీ ఉందని వాళ్లు అనుకోలేదు. మన జిల్లాల నుంచి ఎందరో రైలెక్కి వెళ్లే వెల్లూరు ఆసుపత్రి కథా అంతే. ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ఆడ డాక్టర్ లేక చనిపోవడం చూసి, ఐడా స్కడ్డర్ అనే మిషనరీ కూతురు వైద్యం చదివి వచ్చి 1900లో వెల్లూరులో పని మొదలుపెట్టింది.

ఆ క్లౌ దొర గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆయన 1866లో ఒంగోలు వచ్చాడు. 1876-78 నాటి మహా కరువులో పల్లెల్లో జనం ఆకలితో చస్తుంటే, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. తట్టలు మోస్తున్న ఆ జనానికి ఆయన చెప్పిన వాక్యం "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా కరువు సాగినంత కాలం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని, ఆకలి ఎర కాకూడదని అట్లా ఆగాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పుడు 'క్యాన్సర్, కిడ్నీ, సంతానలేమి, రండి విడుదల పొందండి' అని గోడల మీద పోస్టర్లు చూసినప్పుడల్లా నాకు ఆ ఆగడం గుర్తొస్తుంది. ఆకలిని ఎర చేయనన్న మనిషి నేల మీద మనం రోగాన్ని ఎర చేస్తున్నాం. క్యాన్సర్ లాంటి జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకుండా 1954లోనే చట్టం వచ్చింది. తాయెత్తులు, మంత్రాల లాంటి అద్భుత చికిత్సల ప్రకటనలూ దాని కిందికి వస్తాయి.

బైబిల్లో మందుకు వ్యతిరేకంగా చూపించే వచనం ఒకటుంది. ఆసా రాజు జబ్బులో యెహోవాను వెదకక వైద్యులను నమ్ముకున్నాడని రెండో దినవృత్తాంతములు 16:12 చెబుతుంది. అక్కడ తప్పు దేవుణ్ణి వెదకకపోవడం. హిజ్కియా రాజు చావు మంచాన ఉండి ప్రార్థించినప్పుడు దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఆ వెంటనే యెషయా ప్రవక్త ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. వాగ్దానం వచ్చాక కూడా కట్టు కట్టారు. పౌలు లూకాను 'ప్రియమైన వైద్యుడు' అని పిలిచాడే గానీ ఆ వృత్తి మానేయమనలేదు.

మా అత్తను ఒక స్వస్థత కూటంలో ఒకాయన "ఈరోజుతో మాత్రలు ఆపెయ్యి తల్లీ" అన్నాడు. ఆయన ఎవరో, ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పడం నా ఉద్దేశం కాదు. పదకొండు రోజులు ఆపేసింది. ఆ పదకొండు రోజుల వల్లే జబ్బు ముదిరిందని నేను అనలేను. కానీ ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్, గుండె మందులు ఇట్లా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని ఏ నర్సును అడిగినా చెబుతుంది. మందు ఆపమనేవాళ్లకు నా జవాబు ఒక్కటే. దేవుడు నయం చేశాడనుకుంటే అది రక్తపరీక్షలో, స్కాన్‌లో కనిపిస్తుంది. యేసు బాగుచేసిన కుష్ఠరోగిని కూడా వెళ్లి యాజకునికి చూపించుకోమన్నాడు. ముందు చూపించుకోవాలి, తర్వాత డాక్టరే మందు ఆపుతాడు.

ప్రార్థన పని చేస్తుందా అని శాస్త్రం కొలిచి చూడలేదా అని కొందరు అడుగుతారు. 2006లో అమెరికాలో బైపాస్ ఆపరేషన్ అయిన 1,802 మంది మీద ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఎవరో తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన అందినవాళ్లలో 52 శాతం మందికి, అందనివాళ్లలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. తమ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్లలో అది 59 శాతం. ఈ అంకెలు చూసి నా విశ్వాసం కదలలేదు, ఎందుకంటే ప్రార్థనను మాత్రలా డోసు లెక్కన కొలవగలమని నేను ఎప్పుడూ అనుకోలేదు. తండ్రితో మాట్లాడటాన్ని అట్లా ఎవరు కొలుస్తారు? కానీ ఆ 59 దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయాను. పరిశోధకులు దానికి కారణం తేల్చలేదు. 'ఇంతమంది నా కోసం ప్రార్థిస్తున్నారు, నేను బాగుపడి తీరాలి' అన్న టెన్షన్ ఎట్లా ఉంటుందో మా అత్త మొహంలో నేను చూశాను.

సాక్ష్యం చెప్పాక తిరగబెడితే

మొదటి చికిత్స అయ్యాక స్కాన్ శుభ్రంగా వచ్చింది. కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం, ఊరందరికీ భోజనాలు. ఆమె లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడాదిన్నర తర్వాత నడుము నొప్పి మొదలైంది. ఎముకలోకి వచ్చిందని చెన్నైలో చెప్పారు. ఆ ఆదివారం నుంచి ఆమె గుడికి రావడం మానేసింది. నడవలేక కాదు. "సాక్ష్యం చెప్పాను కదా నాయనా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోను? దేవుడికి నా వల్ల చెడ్డపేరు రాదా?" అంది.

జబ్బు కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ ఏడిపించింది. తప్పు ఆమెది కాదు, సాక్ష్యాన్ని మనం మలిచిన తీరుది. నయమైనవాళ్లకే మైకు ఇస్తాం. ఇంకా మంచంలో ఉన్నవాళ్లు, నొప్పితోనే నమ్ముతున్నవాళ్లు, బిడ్డను పోగొట్టుకుని కూడా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు మాట్లాడే వేళ మన కూడికల్లో ఎక్కడుంది? కీర్తనల గ్రంథంలో వాళ్లకు చోటుంది. 88వ కీర్తన మొత్తం మొరే, చివరి మాట దాకా చీకటే, వెలుగు రాకుండానే ముగుస్తుంది. అయినా దాన్ని ఆరాధన పుస్తకంలోంచి ఎవరూ తీసేయలేదు. గెత్సేమనేలో యేసు గిన్నె తొలగించమని అడిగి, "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే" అన్నాడు. ఆ రెండో మాట మనం తొందరగా అనేస్తాం, రోగి చేత కూడా అనిపిస్తాం. మొదటి మాట అడగనివ్వం. ఆయన మొదటిది అడిగాకే రెండోది అన్నాడు.

ఇక్కడే ఇంకో ముడి ఉంది. తిరగబెట్టిందన్న సంగతి ఆమెకు చెప్పొద్దని మా ఇంట్లో పెద్దవాళ్లంతా అన్నారు. "తెలిస్తే విశ్వాసం పోగొట్టుకుంటుంది" అని. డాక్టర్ని కూడా బతిమాలారు. ఇది ఒక్క మన ఇళ్లల్లోనే కాదు, అన్ని మతాల ఇళ్లల్లోనూ జరిగేదే. కానీ అబద్ధం మీద నిలబడేది నిరీక్షణ ఎట్లా అవుతుంది? ఆమెకు అప్పటికే తెలుసు. తెలియనట్టు మేం నటించాం, తెలియనట్టు ఆమె నటించింది, నాలుగు వారాలు ఒకే ఇంట్లో ఎవరి దుఃఖం వాళ్లం మోశాం. చివరికి మా అక్క చెప్పేసింది. ఆ రాత్రి ఇద్దరూ ఏడ్చి, తర్వాత హాయిగా నిద్రపోయారు. మర్నాడు అత్త తన మిషన్ కుట్టు డబ్బులు ఎవరెవరి దగ్గర రావాలో రాయించింది, చిన్న కూతురితో మాట్లాడాల్సింది మాట్లాడింది. నిజం చెప్పకపోయి ఉంటే ఆ రోజులన్నీ పోయేవి.

విశ్వాసానికీ, చివరి రోజుల్లో జరిగే చికిత్సలకూ ఉన్న సంబంధాన్ని చూసిన పరిశోధన ఒకటి 2009లో అమెరికాలో వచ్చింది. ముదిరిన క్యాన్సర్ ఉన్న 345 మందిని గమనిస్తే, మతం మీద ఎక్కువగా ఆధారపడ్డవాళ్లకే చివరి వారంలో వెంటిలేటర్ లాంటి చికిత్సలు ఎక్కువగా జరిగాయి. పరలోకాన్ని నమ్మేవాళ్లే గొట్టాల మధ్య ఎక్కువగా చనిపోయారన్నమాట. తర్వాత 2013లో వచ్చిన మరో పరిశోధనలో, సంఘం ఆసరా బాగా ఉన్నవాళ్లలో కూడా ఇదే ధోరణి కనిపించింది. అయితే వైద్య బృందం కూడా వాళ్ల విశ్వాసం గురించి మాట్లాడి, ఆదరించినచోట ఈ ధోరణి తగ్గింది. మన ఊళ్లల్లో ఇంకో బరువు కూడా ఉంటుంది. 'అద్భుతం జరుగుతుందేమో' అని ఐసీయూలో ఇంకో పది రోజులు ఉంచడానికి అరెకరం అమ్మిన ఇళ్లు నాకు తెలుసు. మందు ఇక పని చేయదని డాక్టర్ చెప్పాక ఇంటికి తీసుకురావడం విశ్వాసం వదిలేయడం కాదు. తన విగ్రహానికి మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానన్న నెబుకద్నెజరు రాజు ముందు నిలబడ్డ ముగ్గురూ మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు, రక్షించకపోయినా నీకు మొక్కం అన్నారు. ఆ 'రక్షించకపోయినా' అనగలిగినవాళ్లకు ఐసీయూ తలుపు చివరి ఆసరా కాదు.

ఇంటికి తీసుకొచ్చాక చేయాల్సింది చాలా ఉంటుంది. నొప్పి అన్నిటికంటే ముందు. ముదిరిన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. అవి దొరకడానికి అడ్డుగా ఉన్న నిబంధనల్ని 2014లో చట్టం మార్చి కొంత సులువు చేశారు. ఓర్చుకోవడమే భక్తి అనుకుని వాటిని వద్దనేవాళ్లున్నారు. సిసిలీ సాండర్స్ అనే క్రైస్తవ డాక్టర్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ అనే హాస్పిస్, అంటే చావుకు దగ్గరైనవాళ్లను చూసుకునే ఆసుపత్రి తెరిచింది. చావుకు దగ్గరైన మనిషి నొప్పి ఒంటిది మాత్రమే కాదనీ, మనసుదీ, ఇంటిదీ, ఆత్మదీ కలిసి ఉంటాయనీ నేర్పింది. మొదట ఒంటి నొప్పి తగ్గించాకే మిగతావాటి గురించి మాట్లాడగలం అన్నది ఆమె పని చేసిన పద్ధతి. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి వాక్యం చెవికెక్కదు, మాత్ర వేశాక ఎక్కుతుంది. మా అత్త విషయంలో అది అక్షరాలా నిజం.

నూనె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కతోలికుల దగ్గర ఒకప్పుడు దీన్ని చావు ముందర చేసే అవస్థ అభ్యంగనంగా చూసేవాళ్లు. ఫాదర్ గారు నూనె తీసుకుని వస్తున్నారంటే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1972లో దాని విధానాన్ని మార్చి, పెద్ద జబ్బు పడ్డవాళ్లందరి కోసం చేసే అభ్యంగనంగా తిరిగి నిలబెట్టారు. మన బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో కష్టం దీనికి తలకిందులు. నూనె రాస్తే లేచి నడవాల్సిందే అనుకుంటాం. నేను చూసినంతలో నూనె చేసిన పెద్ద పని ఇంకొకటి. జబ్బు మనిషిని ముట్టుకోవడానికి అందరూ వెనకాడుతున్న ఇంట్లో సంఘపు పెద్దల చెయ్యి ఆమె నుదుటి మీద పడింది. అంటుతుందేమోనని గ్లాసు వేరు పెట్టిన ఇంట్లో, ఆ చెయ్యి వంద ప్రసంగాల పెట్టు.

మా అత్త సంఘం చివరి అయిదు నెలలూ చేసిన పనులు రాస్తే చాలా చిన్నవిగా కనిపిస్తాయి. ఆడవాళ్లు వంతులు వేసుకుని రాగి జావ తెచ్చారు. సంఘం కుర్రాడొకడు ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఒంగోలు మూడుసార్లు తిరిగాడు. 2007లో మొదలైన ఆ పథకానికి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు, కానీ ఊళ్లో అందరూ ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు. రాత్రిళ్లు మా అక్క కాస్త నడుం వాల్చడానికి ఎవరో ఒకరు వచ్చి కనిపెట్టుకొని కూర్చున్నారు. పెద్ద అయ్యగారు రోజు విడిచి రోజు వచ్చేవారు. మొదట్లో పొడుగ్గా ప్రార్థించేవారు. పోనుపోను మాటలు తగ్గాయి. ఒక సాయంత్రం ఆయన ఏమీ మాట్లాడకుండా గంటసేపు మంచం కోడు దగ్గర చాప మీద కూర్చుని వెళ్లారు. "ఈరోజు అయ్యగారు బాగా ప్రార్థన చేశారు" అంది అత్త.

ఆమె మళ్లీ గుడికి ఒకే ఒక్కసారి వచ్చింది. బల్ల ఆదివారం అది. మెట్లు ఎక్కలేదని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్లు మోసుకొచ్చారు. సాక్ష్యాల సమయంలో చెయ్యి ఎత్తింది. మైకు ఆమె దగ్గరికి పట్టుకెళ్లారు. "నాకు నయం కాలేదు. అప్పుడు అయిందని చెప్పాను, అది కూడా నిజమే. ఇప్పుడు మళ్లీ వచ్చింది. మాత్రలు వేసుకుంటున్నాను. రాత్రిళ్లు భయమేస్తుంది. ఆయన నాతోనే ఉన్నాడు. నా పిల్లల కోసం ప్రార్థన చెయ్యండి" అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హల్లెలూయ అనాలో వద్దో తెలియక కాసేపు గుడంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు ఆడవాళ్ల వైపు వెనక వరుసలో ఒకామె లేచింది. భర్తకు డయాలిసిస్ మొదలై ఏడాదైనా ఆ సంగతి ఒక్కసారీ సంఘంలో చెప్పని మనిషి. నడుచుకుంటూ ముందుకొచ్చి, మైకు ఇవ్వమని చెయ్యి చాపింది.